మూలుగలోని చరిత్ర: యల్లాప్రగడ సుబ్బారావును ఎలా చదవాలి?

కాన్సర్ అనే మాట తెలుగు కథలోకి, సినిమాలోకి ఎలా వచ్చిందో, వచ్చి అక్కడ ఏం పని చేసిందో ఎవరైనా ఓపిగ్గా కూర్చుని రాయవలసి ఉంది. 1981లో వచ్చిన ‘ప్రేమాభిషేకం’లో కథానాయకుడికి కాన్సర్. 1989 నాటి ‘గీతాంజలి’లో కథానాయకుడికీ కాన్సరే. జనం విరగబడి చూసిన సినిమాలు కనుక ఈ రెంటి పేర్లూ చెబుతున్నాను. వెనకటి తరం కథల్లో క్షయ చేసిన ఉద్యోగాన్ని వీటిలో కాన్సర్ చేసింది. డాక్టరు ఒకసారి కనబడి తీర్పు చెప్పి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత జబ్బుకు కారణం ఉండదు, మందు ఉండదు, మందుకు ధర ఉండదు. విధి అనే పాత మాట వాడడానికి సిగ్గుపడ్డ రచయిత దానికొక ఇంగ్లీషు పేరు పెట్టి వాడుకున్నాడు.

కన్నీళ్ళ మీద నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరం తేదీల దగ్గర. 1948 జూన్ 3న బోస్టన్ నుంచి వెలువడే ఒక వైద్యపత్రికలో సిడ్నీ ఫార్బర్, ఆయన సహచరులు ఒక వ్యాసం ప్రచురించారు. తీవ్రమైన రక్తకాన్సర్‌తో చావుకు దగ్గరైన 16 మంది పిల్లలకు ఒక కొత్త రసాయనం ఇస్తే 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గిందని ఆ వ్యాసం సారాంశం. తగ్గుదల తాత్కాలికమేనని వ్యాసం శీర్షికలోనే నిజాయితీగా రాశారు. అంతకుముందు ఏ మందూ ఆ మాత్రం చేయలేదు. ఆ రసాయనం తయారైన పరిశోధనశాలకు అధిపతి భీమవరంలో పుట్టిన మనిషి, యల్లాప్రగడ సుబ్బారావు. అంటే, రక్తకాన్సర్ మీద మనిషి వేసిన తొలి దెబ్బలో మన కొల్లేటి సీమ మనిషి చేయి ఉంది. అది జరిగిన 33 ఏళ్ళకు కూడా మన కథాశిల్పం కాన్సర్‌ను నిర్నిమిత్తంగా ఆకాశం నుంచి ఊడిపడే పిడుగులాగే చూసింది. ఇంత ఎడం ఎందుకు ఏర్పడిందన్నదే ఈ వ్యాసానికి ప్రశ్న.

సుబ్బారావు గురించి తెలుగులో రాయలేదా అంటే, రాశాం. పాఠ్యపుస్తకాల్లో, ఆదివారం అనుబంధాల్లో, వర్ధంతి సభల్లో ఆయన వస్తూనే ఉంటాడు. ఐతే ఎలా వస్తాడు? పదమూడేళ్ళప్పుడు కాశీ పారిపోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామనుకున్న పిల్లవాడిగా వస్తాడు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కని విద్యార్థిగా వస్తాడు. కన్నతల్లి నగలమ్మి చదివించిన కొడుకుగా, సన్యాసి కావాలనుకుని తల్లి ఒప్పుకోక వైద్యుడైన యువకుడిగా వస్తాడు. చివరికి నోబెల్ రాని దురదృష్టవంతుడిగా వచ్చి, మన సానుభూతి అందుకుని, మళ్ళీ ఏడాది దాకా కనబడకుండా పోతాడు. ఇది పురాణపురుషుడి కథ. ధ్రువుడి కథకూ దీనికీ నిర్మాణంలో పెద్ద తేడా లేదు. ‘మన జిల్లావాడు’ అనే గర్వం దీనికి పైపూత.

ఎస్.పి.కె. గుప్త ఎడ్గర్ మిల్‌ఫర్డ్‌తో కలిసి 1987లో ఇంగ్లీషులో ప్రచురించిన జీవితచరిత్ర ఇందుకు మినహాయింపు. ఆయన తన పుస్తకం ఉపశీర్షికలో సుబ్బారావు విజయాల పక్కన వైఫల్యాలను కూడా చేర్చాడు. వైఫల్యం అనే మాట మన సభల్లో ఎవరి నోటా రాదు. విజ్ఞానశాస్త్ర చరిత్రకు అసలు తలుపు అక్కడే ఉందని నేననుకుంటాను.

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టాడు. అప్పటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి 43 ఏళ్ళు. కాలవలు డెల్టాకు వరి తెచ్చాయి, భూమికి ధర తెచ్చాయి, కొన్ని కుటుంబాలకు చదువులూ మేడలూ తెచ్చాయి. డెల్టా చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా అక్కడితో ఆపుతారు. కాలవ పారినచోట మురుగూ నిలుస్తుంది. పడమట బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు కొల్లేట్లో చేరి, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి దిగే దేశం ఇది. ఏలూరు, భీమవరం, ఆకివీడు పరిసరాల్లో ఒకనాడు బోదకాలు మనిషి కనబడని వీధి అరుదు. మలేరియా, విరేచనాల జబ్బులు, రక్తహీనత సరేసరి. వాటికి జనం పెట్టుకున్న పేరు ‘ఒంటి తత్వం’. వరి దిగుబడి లెక్క తాలూకా కచేరీలో ఉండేది. ఈ లెక్క ఎవరి దగ్గరా ఉండేది కాదు.

ఆ లెక్కలో ఒక పద్దు సుబ్బారావు ఇంట్లోనే పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్దిరోజుల తేడాలో స్ప్రూ అనే వ్యాధితో పోయారు. మన వైద్యులు సంగ్రహణి అనేదానికి ఇది దగ్గరిది. పేగు ఆహారసారాన్ని పీల్చుకోలేదు. నోరు పూస్తుంది, విరేచనాలు ఆగవు, రక్తం పలచబడుతుంది, మనిషి తింటూ తింటూనే ఎండిపోతాడు. సుబ్బారావుకూ అదే పట్టుకుంది. ఆయనను బతికించినది మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్స. పాశ్చాత్యవైద్యం చదువుతున్న విద్యార్థి దేశీయవైద్యం వల్ల బతికాడు. చదువు ముగిశాక ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం చెప్పడానికి చేరాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కోటు తొడుక్కున్నందుకు శస్త్రవైద్యం ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు కంటగింపై, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ పట్టా చేతికొచ్చింది. వలసపాలనలో ప్రతిభను తూచే తక్కెడ ఎవరి చేతిలో ఉండేదో చెప్పడానికి ఈ ఉదంతం చాలు. దీన్ని ఒక దొర దుర్మార్గంగా చెప్పి వదిలేస్తే మాత్రం చాలదు.

1922లో ఆయన బోస్టన్‌లో దిగాడు. చేతిలో డబ్బు లేదు. కాకినాడ సత్యలింగం నాయకర్ ధర్మనిధి, మామగారి సాయం కలిసి ఓడ ఎక్కించాయి. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సు చదువుతూ పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిళ్ళు కిందిస్థాయి కూలిపని చేశాడు. ఈ ఆసుపత్రి పేరు పాఠకులు గుర్తుంచుకోవాలి. ముందు దీనితో పని ఉంది.

హార్వర్డ్‌లో ఆయన పదిహేడేళ్ళకు పైగా చేసిన పనిని నేనిక్కడ క్లుప్తంగానే చెబుతాను. సైరస్ ఫిస్కెతో కలిసి రక్తంలో, మూత్రంలో, కణజాలంలో భాస్వరం ఎంత ఉందో రంగు చిక్కదనాన్నిబట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించాడు. (ఏలూరు ముఖ్యపట్టణంగా పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడిందీ ఆ సంవత్సరమే. రెంటికీ సంబంధం లేదు గానీ, మా జిల్లావాళ్ళకు తేదీ గుర్తుంటుంది.) ఆ కొలబద్ద చేతికి వచ్చాక కండరంలో అంతవరకూ ఎవరికీ కనబడని పదార్థం కనబడింది: 1927లో ఫాస్ఫోక్రియాటిన్. కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందన్న సిద్ధాంతానికి 1922లో నోబెల్ ఇచ్చి ఉన్నారు. ఆ సిద్ధాంతం అక్కడ చిల్లుపడింది. 1929లో ఎ.టి.పి. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుక్కున్నాడు. ఇంత పనీ ఒక కొలత నుంచి పుట్టింది. కొలవడం తెలియనివాడికి ఊహ ఎంత ఉన్నా రసాయనశాస్త్రంలో అది కవిత్వమే అవుతుంది. మన సాహిత్య విమర్శకు కూడా ఈ మాట కొంచెం వర్తిస్తుందేమో మిత్రులు ఆలోచించాలి.

హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. ఫిస్కె ఆయన పనిని అణిచాడన్న మాట చాలామంది రాశారు. అక్కడే విద్యార్థిగా ఉండి తర్వాత నోబెల్ అందుకున్న జార్జి హిచింగ్స్ కూడా ఆ అర్థం వచ్చేట్టు సాక్ష్యం ఇచ్చాడు. నిజమే అయి ఉండవచ్చు. కాని మన వ్యాసాలు ఈ పుండును గోకడం దగ్గరే సంతృప్తి పడిపోతాయి. ఆ పరిశోధనశాలలో ఒక రంగు మనిషి, ఒక వలసదేశపు ప్రజ, ఏ ఒప్పందం మీద పనిచేస్తున్నాడు, అతని శ్రమఫలం ఎవరి పేరున జమ అవుతుంది అనే ప్రశ్న వేస్తే ఫిస్కె ఒక్కడి మత్సరం చిన్న విషయమైపోతుంది.

అసలు కథ కాలేయం దగ్గర మొదలవుతుంది. 1926లో బోస్టన్‌లోనే మైనట్, మర్ఫీ ఒక విచిత్రమైన సంగతి బయటపెట్టారు: ప్రాణాంతకమైన ఒకరకం రక్తహీనత రోగులు రోజూ కాలేయం తింటే బతుకుతున్నారు. కాలేయంలో ఉన్నదేమిటి? దాన్ని విడదీయాలని సుబ్బారావు పట్టుబట్టాడు. ఏళ్ళ తరబడి కాలేయసారాన్ని వడగట్టి, వంచి, విడదీసి చూశాడు. 1940లో న్యూయార్కు రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ పరిశోధనశాలకు వెళ్ళాక కూడా అదే పని. ఆయన వెతికినది చివరికి ఆయనకు దొరకలేదు. అది విటమిన్ బి12. 1948లో అమెరికాలో మెర్క్ వాళ్ళూ, ఇంగ్లండులో గ్లాక్సో వాళ్ళూ దాన్ని విడదీశారు. సుబ్బారావు బృందానికి దొరికినది దాని పొరుగున ఉన్న ఇంకో పదార్థం. గుప్త వైఫల్యం అనే మాట ఎందుకు వాడాడో ఇక్కడ తెలుస్తుంది. వెతికినది దొరకనిచోట దొరికినదే చరిత్రను మలుపు తిప్పింది.

ఆ ఇంకో పదార్థానికి బొంబాయిలో ఒక పూర్వకథ ఉంది. దాన్ని మన వ్యాసాలు ఎందుకో దాటేస్తాయి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు గర్భంతో ఉండగా విపరీతమైన రక్తహీనతతో చనిపోతున్నారు, కారణం తేల్చాలి. ఆమె సూక్ష్మక్రిముల కోసం వెతికింది, దొరకలేదు. ఆ ఆడవాళ్ళు ఏం తింటున్నారో చూసింది. చివరికి ఈస్టు నుంచి తీసిన మార్మైట్ అనే చవకరకం తిండిపదార్థం ఇస్తే రక్తం పుంజుకుంటోందని 1931లో రాసింది. అందులో ఉన్నదేమిటో ఆమెకు తెలియదు. పదేళ్ళ తర్వాత 1941లో టెక్సాస్‌లో మరికొందరు నాలుగు టన్నుల బచ్చలిజాతి ఆకు నుంచి అలాంటి పదార్థాన్నే తీసి, లాటిన్‌లో ఆకు అనే అర్థం వచ్చేట్టు ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. 1945లో లెడర్లీ బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ ప్రకటన కింద పదహారు పేర్లున్నాయి. ఏంజియర్ పేరు మొదట ఉంటుంది. సుబ్బారావు పేరు గుంపులో ఒకటిగా ఉంటుంది. ఆయన తన పేరు ముందుకు తోసుకోలేదని మనవాళ్ళు దీన్ని వినయానికి ఉదాహరణగా చెబుతారు. వినయం ఉండవచ్చు. కాని ఆ పదహారు పేర్లు చెప్పే సత్యం వేరు: ఆధునిక విజ్ఞానం సామూహిక ఉత్పత్తి. ఆ జాబితాను ఇంకా వెనక్కి పొడిగిస్తే బొంబాయి మిల్లుల ఆడకూలీలు కూడా అందులోకి వస్తారు. వాళ్ళ పాలిపోయిన రక్తం నుంచే ఈ జ్ఞానానికి తొలి సాక్ష్యం వచ్చింది.

ఇందులో మరో ముడి ఉంది. సుబ్బారావు అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూలో పేగు పీల్చుకోలేక పోగొట్టుకునే వాటిలో ఈ ఫోలిక్ ఆమ్లం ముఖ్యమైనది. 1945-46లో కరీబియన్ దీవుల్లో టామ్ స్పైస్ మొదలైన వైద్యులు స్ప్రూ రోగులకు దీన్ని ఇచ్చి లేపారు. ఇక్కడ మన రచయిత చేయి దురదపెడుతుంది. ‘సోదరుల చితి ముందు చేసిన శపథం నెరవేరింది’ అని రాసేయాలనిపిస్తుంది. నేను వద్దంటాను. ఆ చావులు ఆయన మనసులో ఉండలేదని కాదు. ఉష్ణమండల వ్యాధులు చదవడానికి సముద్రం దాటిన మనిషిని ఏది తరిమిందో ఊహించడం కష్టం కాదు. కాని ఒక ప్రతిజ్ఞకూ ఒక అణువుకూ మధ్య పాతికేళ్ళ కాలేయసారం ఉంది, ఒక పెద్ద కంపెనీ పెట్టుబడి ఉంది, పదహారుమంది శ్రమ ఉంది. శపథంతో కథ ముగిస్తే వీటన్నిటికీ పని లేకుండా పోతుంది.

ఇప్పుడు మూలుగలోకి పోదాం. ఎముక లోపలి మూలుగలో కొద్దిపాటి మూలకణాలుంటాయి. అవి తమలాంటివాటిని కంటూనే, ఎర్రకణాలుగా, తెల్లకణాలుగా పెరగవలసిన సంతానాన్ని కూడా కంటాయి. ఇలా కొన్ని కణాలు ఉన్నాయని 1961లో టొరంటోలో టిల్, మెకల్లక్ ఎలుకల మీద ప్రయోగంతో చూపించారు. అది సుబ్బారావు చనిపోయిన 13 ఏళ్ళకు. ఆయన కాలానికి తెలిసినది ఇంతమాత్రం: మూలుగ రాత్రింబవళ్ళు కణాలను తయారుచేసే కార్ఖానా, కణం రెండుగా చీలాలంటే ముడిసరుకు కావాలి, ఫోలిక్ ఆమ్లం లేకపోతే కణం ఒళ్ళు పెంచుకుంటుందే గాని చీలలేదు. బొంబాయి స్త్రీల మూలుగలో జరిగినది అదే. రక్తకాన్సర్‌లో దీనికి విరుద్ధం. పక్వం కాని తెల్లకణాలు ఆగకుండా చీలుతూ మూలుగనంతా ఆక్రమిస్తాయి. మొదటిదానిలో చీలిక లేదు, రెండోదానిలో చీలికకు అంతు లేదు. ఈ రెండు జబ్బులూ ఒకే ప్రక్రియకు రెండు కొసలు. గతితార్కికంగా ఆలోచించడం అలవాటున్న పాఠకులకు ఇది వెంటనే అందుతుంది.

1947లో ఫార్బర్‌కు లెడర్లీ నుంచి ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి పదార్థాలు అందుతున్నాయి. అవి కాన్సర్‌ను తగ్గిస్తాయని ఒక ఆశ ఉండేది. రక్తకాన్సర్ పిల్లల్లో అవి జబ్బును ఎగదోస్తున్నట్టు ఆయనకు తోచింది. మన వ్యాసాల్లో ఆ పిల్లలకు చోటుండదు. వాళ్ళకు మేలు జరగలేదు, వాళ్ళ ద్వారా జ్ఞానం మాత్రం జరిగింది. ఆహారం పెడితే జబ్బు పెరిగితే, ఆహారం లాగేస్తే? అప్పటికే సుబ్బారావు విభాగంలో ఫోలిక్ ఆమ్లానికి శత్రువులను తయారుచేస్తున్నారు. డోరిస్ సీగర్, ఆమె సహచరులు ఫోలిక్ ఆమ్లంలో ఒక్కచోట ఒక చిన్న గుంపును తీసి అమైనో గుంపును పెట్టారు. చూడడానికి అదే అణువు. కణం దాన్ని నమ్మి లోపలికి తీసుకుంటుంది. తాళంలో దూరి తిరగని తాళంచెవిలాగా అది ఇరుక్కుపోతుంది. అసలు చెవికి ఇక చోటుండదు. దాని పేరు అమినోప్టెరిన్. 1947 చివరలో అది ఫార్బర్ చేతికి వెళ్ళింది. కొద్ది మార్పుతో అదే బృందం చేసిన రెండో అణువును ఇవాళ లోకమంతా మెథోట్రెక్సేట్ అంటోంది. డోరిస్ సీగర్ పేరు తెలుగులో నేనెక్కడా చూడలేదు. కనుక ఇక్కడ రెండోసారి రాస్తున్నాను: డోరిస్ సీగర్.

ఆ రోజుల్లోనే అదే శాల నుంచి హెట్రజాన్ వచ్చింది, 1947లో. బోదకాలు క్రిమి మీద నోటితో మింగే మందు. భీమవరం వాడు కనుక స్వదేశపు బాధ గుర్తుంచుకుని కనిపెట్టాడని మన పత్రికలు రాస్తాయి. గుర్తుండే ఉంటుంది; మరచిపోగలిగే దృశ్యం కాదది. ఐతే ఆ పరిశోధనకు అమెరికాలో ఊపు ఎందుకొచ్చింది? రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో దిగిన అమెరికన్ సైనికులు వేలసంఖ్యలో ఈ జబ్బు పాలయ్యారు కనుక. కొల్లేటి లంకల కాలు వందల ఏళ్ళు ఉబ్బి ఉన్నా కదలని పెట్టుబడి, సిపాయి కాలు ఉబ్బగానే కదిలింది. ఆ మందు తిరిగి మన ఊళ్ళకు రావడానికి మన ప్రభుత్వం 1955లో ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం పెట్టవలసి వచ్చింది. 2004 నుంచి సామూహికంగా పంచారు. ఇంటింటికీ తిరిగి మాత్రలిచ్చిన ఆరోగ్య కార్యకర్తలూ, ఆ మాత్ర వేసుకుంటే కళ్ళు తిరుగుతాయని చీరకొంగులో దాచిన అవ్వలూ ఈ చరిత్రలో పాత్రలే. వాళ్ళ మీద మంచి కథ ఒక్కటైనా రావాలి.

సుబ్బారావు 1948 ఆగస్టులో, ఫార్బర్ వ్యాసం అచ్చయిన రెండు నెలలకు, నిద్రలోనే గుండె ఆగి పోయాడు. 53 ఏళ్ళు. తిరిగి ఇండియాకు రానే లేదు. చనిపోయినవాళ్ళకు నోబెల్ ఇవ్వరు కనుక ఆ చర్చను నేను ఇంతటితో వదిలేస్తాను.

తాత్కాలికం అని ఫార్బర్ రాసుకున్న తగ్గుదల ఆ తర్వాత ఏమైందో చెప్పకపోతే చరిత్ర సగంలో ఆగుతుంది. పిల్లలు కొన్ని నెలలు లేచి తిరిగి మళ్ళీ పడిపోయారు. ఎక్కడో కొన్ని కణాలు మందుకు దొరక్కుండా దాక్కుంటున్నాయి. వయోజనుల్లో వచ్చే ఒకరకం రక్తకాన్సర్‌లో కాన్సర్‌కూ మూలకణాలున్నాయని 1990లలో టొరంటోలో జాన్ డిక్ చూపించాక ఈ దాగుడుమూతలు కొంత అర్థమయ్యాయి. ఈలోగా వైద్యులు ఊరుకోలేదు. 1956లో మిన్ చూ లీ, రాయ్ హెర్ట్జ్ మెథోట్రెక్సేట్ ఒక్కదానితో గర్భసంచిలో మాయ నుంచి పుట్టే ఒక కాన్సర్‌ను వెనక్కి తిప్పారు. మందుతో నయమైన మొదటి కణితి కాన్సర్లలో అది ఒకటి. 1960లలో అమెరికాలోని మెంఫిస్‌లో డొనాల్డ్ పింకెల్ పలు మందులను కలిపి, వంతులవారీగా, రెండు మూడేళ్ళు ఇచ్చి, పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్తకాన్సర్‌లో సగంమందిని నిలబెట్టాడు. ‘ప్రేమాభిషేకం’ విడుదలకు పదేళ్ళ ముందే ఈ సంగతి లోకానికి తెలుసు. ఇవాళ ధనిక దేశాల్లో ఆ జబ్బు పిల్లలు నూటికి తొంభైమంది దాకా బతుకుతున్నారు.

బ్రిగ్‌హామ్ ఆసుపత్రి పేరు గుర్తుంచుకోమన్నాను. సుబ్బారావు రాత్రిపూట కూలిపని చేసిన ఆ ఆసుపత్రిలోనే రెండు దశాబ్దాల తర్వాత డానల్ థామస్ అనే వైద్యుడు శిక్షణ పొందాడు. ఒకరి మూలుగను ఇంకొకరికి ఎక్కించడం, అంటే రక్త మూలకణాల మార్పిడి, ఆయన 1950లలో మొదలుపెట్టి 1990లో నోబెల్ అందుకున్న పని. ఎక్కించిన మూలుగ కొత్త ఒంటిని పరాయిదనుకుని దాడి చేస్తుంది. ఆ దాడిని అణచడానికి థామస్ బృందం వాడిన మందుల్లో మొదటిది మెథోట్రెక్సేట్. అప్పటికి సుబ్బారావు శాల మూతపడలేదు గాని, ఆయన పేరు మాత్రం ఆ వార్డుల్లో ఎవరికీ తెలియదు.

మన చుట్టుపక్కలకు వద్దాం. తాడేపల్లిగూడెంలో మందుల దుకాణం ముందు నిలబడితే కీళ్ళవాతం రోగుల చీటీలు కనబడతాయి. వాటిలో చాలావాటి మీద రెండు పేర్లుంటాయి: వారంలో ఒక్కరోజు మెథోట్రెక్సేట్, ఇంకోరోజు ఫోలిక్ ఆమ్లం. మొదటిది చేసే నష్టాన్ని రెండోది పూడుస్తుంది. పెర్ల్ రివర్‌లో రెండేళ్ళ తేడాలో తయారైన ఆ మిత్రుడూ శత్రువూ ఒకే చీటీలో ఉన్నారు. ఆ చీటీ పట్టుకున్న ముసలమ్మ నారుమళ్ళలో వంగి వంగి వేళ్ళు వంకరపోయిన మనిషి కావచ్చు. మా బళ్ళలో వారానికోసారి ఆడపిల్లలకూ మగపిల్లలకూ నీలం రంగు మాత్ర మింగిస్తాం. ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్ర. తరగతిలో సుబ్బారావు పాఠం చెప్పేటప్పుడు అరటిపళ్ళ కథ దగ్గర పిల్లలు నవ్వుతారు. ఆ నీలం మాత్రలో ఉన్నది ఈయన శాలలో తయారైన పదార్థమేనని చెప్పినప్పుడు నిశ్శబ్దంగా చూస్తారు. పాఠ్యపుస్తకంలో మొదటిదే ఉంది.

దీన్నిబట్టి మన సాహిత్యం జబ్బునెందుకు విధిగా చూసిందో నాకు కొంత అర్థమౌతోంది. విజ్ఞానాన్ని మేధావుల లీలగా చెప్పుకునే సమాజంలో వ్యాధి కూడా లీలగానే ఉంటుంది. రెంటికీ మధ్య ఉండవలసిన శ్రమ, కొలత, డబ్బు, ఓటమి కథలోకి రావు. సుబ్బారావును మహానుభావుడిగా రాసే కలమూ, కథానాయకుడికి కాన్సర్ తెప్పించే కలమూ వేర్వేరు కలాలు కావు.

కాన్సర్ మీద రాయవద్దని ఎవరూ అనరు. రాయడానికి అసలు వస్తువు ఎక్కడుందో చూద్దాం. రక్తకాన్సర్ వచ్చిన పిల్లవాడి చికిత్స ఈనాటికీ రెండు నుంచి మూడేళ్ళు సాగుతుంది. మొదటి నెలలు ఆసుపత్రిలో. ఆ తర్వాత పిల్లవాడు ఆరోగ్యంగానే కనబడతాడు, ఆడుకుంటాడు, బడికి వస్తాడు. కాని రోజూ హిచింగ్స్, ఎలియన్ బృందం కనిపెట్టిన మెర్కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్ర తప్పకుండా పడాలి. దాక్కున్న ఆ కొద్దిపాటి కణాల కోసమే ఈ కాపలా. మన దేశంలో ఎన్నో కుటుంబాలు సరిగ్గా ఇక్కడ ఆగిపోతాయి. మందు చవకదే. ఆరోగ్యశ్రీ వచ్చాక ఆపరేషన్లకూ ఇంజక్షన్లకూ కొంత ఆసరా దొరికింది. కాని కొల్లేటి లంక నుంచి పడవ దిగి, ఏలూరు చేరి, రైలెక్కి, గుంటూరో హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రో చేరడానికి తండ్రి చేపలచెరువు మీద రెండు మూడు రోజుల కూలి వదులుకోవాలి. తల్లి చంటిపిల్లను ఎవరికో అప్పగించాలి. పిల్లవాడు బాగానే ఉన్నాడు కదా అని పక్కింటివాళ్ళంటారు. ఒక నెల మానేస్తారు, ఏమీ కాదు. రెండో నెల కూడా మానేస్తారు.